పైకి లేచిన చుక్క

“మా బంగాళాదుంపల మడిలో ఒకటి రాలిందండీ! ఇంకా వేడి చల్లారలేదు!”

రొట్టెల దుకాణం ఆవిడ ఆయాసపడుతూ వచ్చి ఒక నల్లరాయి బల్లమీద పెట్టింది.

పత్రిక ఎడిటరు మాలకీ ముట్టుకుని చూశాడు. చల్లగా ఉంది. పొయ్యిలోంచి ఊడ్చిన బొగ్గు చిట్టెం అది.

“పేరు వేస్తారుగా?”

“వేస్తానమ్మా, వేస్తాను. రాయి మాత్రం పట్టుకుపో.”

తప్పు మాలకీదే. సముద్రపొడ్డునున్న రాస్‌కల్లెన్ ఊరి పత్రికలో నెలనెలా ‘ఈ నెల ఆకాశం’ రాసేది ఆయనే. నవంబరులో చుక్కలు రాలతాయి, చూసినవాళ్లు ఆఫీసుకొచ్చి చెబితే పేరు అచ్చేస్తామని రాశాడు. ఆ ఊళ్లో పేపర్లో పేరు పడాలంటే చచ్చిపోనైనా పోవాలి, పందినైనా దొంగిలించాలి. తేరగా పడుతుందంటే ఇంక ఊరుకుంటారా? ఆఫీసు సంత అయిపోయింది.

ఆ సాయంత్రం మాత్రం ఆయన మనసు చుక్కల మీద లేదు. గాల్వే పట్నం నుంచి అచ్చు కాగితం తెచ్చే తెరచాప పడవలో కూతురు నూలా వస్తోంది. తల్లి లేని పిల్ల. ఒక్కగానొక్క పిల్ల. చీకటి పడినా పడవ జాడ లేదు.

“గాలి లేదు కదండీ, మెల్లగా వస్తుందిలెండి,” అన్నాడు అక్షరాలు పేర్చే ఫెస్టీ.

“నిన్నెవరడిగారు? నీ పని నువ్వు చూసుకో,” అని కసిరాడు మాలకీ.

ఆయన కుర్చీ వెనక మేకుకి ఒక పెద్ద తాళంచెవి వేలాడుతోంది. సముద్రంలో చిక్కుకున్నవాళ్లని కాపాడే సంఘంవాళ్లకి రేవులో ఉన్న రక్షణ పడవ షెడ్డుది. ఆ సంఘానికి కార్యదర్శి కూడా ఆయనే. ఆయన ఊ అననిదే ఆ పడవ నీళ్లలోకి దిగదు.

తలుపు తోసుకుని ఒక ముసలాయన వచ్చాడు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము వైపు మనిషిలా ఉన్నాడు. ముతక ఉన్ని కోటుకి గుండీ ఊడిపోతే చేపముల్లు గుచ్చి బిగించుకున్నాడు. పరిగెత్తి వచ్చాడేమో, మాట కూడదీసుకోలేకపోతున్నాడు.

“అయ్యా... చుక్కలు...”

మాలకీ కలం సిరాలో ముంచాడు. “నువ్వూనా! ఎన్ని?”

“రెండయ్యా. ఎర్రగా. పైకి లేచాయి.”

ఫెస్టీ కిసుక్కున నవ్వాడు. “పైకా! రాలడం విన్నాంగానీ లేవడం వినలేదే!”

“పైకేనయ్యా. నీళ్లమీంచి. ఏంటో నాకు తెలీదు. రేవులో చెబితే మిమ్మల్నే అడగమన్నారు.”

“అంటారు. సారాదుకాణం ముందు కూచున్నవాళ్లకి వేరే పనేముంది? నీకెన్ని గ్లాసులు పోయించారు?”

“తాగలేదయ్యా.” ముసలాయన చూపు మేకు మీదికి పోయింది. “ఆ పడవేసుకుని ఒక్కసారి చూసొద్దామయ్యా.”

“చుక్కల కోసం పడవా! విన్నావుట్రా ఫెస్టీ?”

“నయమండీ. నిన్న ఒకాయన నిచ్చెన అడిగాడు.”

మాలకీకి దిగులులోనూ నవ్వొచ్చింది. “సరే, పేరు చెప్పు, రాసుకుంటాను.”

“పేరెందుకయ్యా!”

 ముసలాయన టోపీ పెట్టుకున్నాడు.

“అయితే నేనే పోతానయ్యా.”

“పో నాయనా. కాలవలో పడకుండా పో.”

ముసలాయన వెళ్లగానే మాలకీ హుషారుగా నాలుగు వాక్యాలు గిలికి ఫెస్టీ చేతికిచ్చాడు. ‘మన ఊరి పెద్దమనిషి ఒకరికి చుక్కలు కిందనుంచి పైకి లేస్తూ కనబడ్డాయట. ఏ దుకాణంలో పోయించుకున్నారో చెబితే, మేమూ వెళ్లి చూసి తరిస్తాం.’

తెల్లారేసరికి పేపరు ఊళ్లోకి వెళ్లింది. కమ్మరి కొలిమి దగ్గర ఎవరో ఆ నాలుగు వాక్యాలూ గట్టిగా చదివారు. ఎదుటి పత్రికాఫీసుదాకా నవ్వులు వినిపించాయి.

అప్పుడే గాడిదబండి ఒకటి వచ్చి ఆగింది. కొండకొమ్ము ఆడవాళ్లు ఇద్దరు నూలాని పట్టుకుని దించారు.

“నాన్నా!”

మాలకీ పరిగెత్తుకెళ్లి పిల్లని గుండెకి హత్తుకున్నాడు. ఒళ్లంతా మంచుగడ్డలా ఉంది, కానీ బతికే ఉంది. దేవుడా, బతికే ఉంది!

ఆయన వేలికి ఏదో గుచ్చుకుంది.

చేపముల్లు.

తడిసిన గౌను మీద నూలా ముతక ఉన్ని కోటు తొడుక్కుని ఉంది.

“గాలి పడిపోయింది నాన్నా. సముద్రపు పోటు మమ్మల్ని బండమీదికి లాగేసింది. పడవ నడిపే కోల్మన్ మామ ఆపదలో ఉన్నామని రెండు ఎర్ర తారాజువ్వలు వదిలాడు. ‘మీ నాన్న చూస్తే ఊరుకుంటాడా, పడవ పంపిస్తాడు’ అన్నాడు.”

మాలకీ ఆ చేపముల్లు వంకే చూస్తున్నాడు.

“ఎవరో తాత చిన్న పడవలో ఒక్కడే వచ్చాడు. అందులో ఇంకొక్కరికే చోటుంది. నన్ను ఒడ్డున దించి, ఇది తొడిగి, మామ కోసం మళ్లీ వెళ్లాడు.”

“తరవాత?”

ఆడవాళ్లలో పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. “ఆ చిన్న పడవ బోర్లాపడి కొట్టుకొచ్చిందయ్యా. మనుషులిద్దరూ ఇంకా దొరకలేదు.”

కొలిమి దగ్గర ఇంకొకడెవడో మళ్లీ మొదటినుంచి చదువుతున్నాడు. మాలకీ గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆయన మేకు వైపు చూడలేకపోయాడు.

నూలా పక్కనే కూచుని ఆయన చెయ్యి పట్టుకుంది.

“నీకోసం చూసి చూసి ఏడుపొచ్చింది నాన్నా. పేపరు మాలకీ కూతుర్నని ఆ తాతకి చెప్పాను. మా నాన్న ఎందుకు రాలేదని అడిగాను.”

“ఏమన్నాడు?”

“‘పాపం, ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు తల్లీ’ అన్నాడు.”