ఆడవాళ్ల వైపు బాక్సు

"అమ్మగారూ, లేయండి!" అంటూ సామ్రాజ్యం మోచేత్తో పొడిచేసరికి రెబెక్కమ్మ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. సరిగ్గా అప్పుడే ప్రసంగపీఠం మీద నుంచి హెబ్రోను పాస్టరు, "కళ్లు మూసుకోండి, ప్రార్థన చేసుకుందాం" అన్నాడు. చర్చి అంతా కళ్లు మూసుకుంది. పాస్టరుగారి భార్య ఒక్కతే గోడకానుకుని, సిగ్గుతో కళ్లు తెరుచుకుని కూర్చుంది.

ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర సంఘ పెద్ద సుశీల్ కుమార్ కాచుకుని ఉన్నాడు.

"ఏమీ అనుకోబాకండి అమ్మగారూ. మీరే నిద్రపోతా ఉంటే మా ఆడోళ్లకి ఏమని చెప్పేది? వచ్చే ఆదివారం నెల్లూరు నించి పెద్దయ్యగారు వస్తా ఉండారు. ఆయన ముందర గూడా ఇదే అయితే, ఇంట్లో మనిషినే మేలుకోబెట్టలేనోడు సంఘానికేం చెప్తాడంటారు. మాట పడేది మన అయ్యగారు."

"అమ్మగార్ని అంటావేందన్నా?" సామ్రాజ్యం అడ్డం వచ్చింది. "అయ్యగారు గూడా ఈమధ్య చెప్పిందే చెప్పి మధ్యాన్నం చేస్తా ఉండారు. మా వైపు మైకు బాక్సు చూస్తే పలకదు. నిద్ర రాక ఏమొస్తాది?"

రెబెక్కమ్మకు తల కొట్టేసినట్టయింది. తనను ఎన్నయినా అననీ, పడుతుంది. ఆయన్ను ఒక్క మాటంటే మాత్రం ఆమె ప్రాణం ఒప్పుకోదు.

నిద్ర సంగతి ఆమెకు తెలియక కాదు. ఏఎన్ఎం ఉద్యోగం ఆమెది. కడుపుతో ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, "రాత్రి కడుపునిండా నిద్ర పోవాల, పగలు గూడా కాసేపు పడుకోవాల" అని పేరుపేరునా చెప్పి వస్తుంది. చెప్పి వచ్చాక ఇంట్లో వంట, బట్టలు, ఫోనులో ఈ యాపు నింపడం, ఆ యాపు నింపడం, శనివారమైతే పాటల ప్రాక్టీసు. మధ్యలో ఎవరికో నొప్పులని కబురు. ఇక సంఘస్తుల కష్టసుఖాలు సరేసరి. ఎప్పుడో పక్క మీద వాలితే, రేపటి పనులన్నీ వచ్చి ఆమె పక్కన పడుకుంటాయి. ఎటొచ్చీ ఆదివారం ఆయన గొంతు మెల్లగా చెవిన పడిందంటే చాలు, పసిపిల్లలా నిద్రపోతుంది.

పాపమంతా ఆ పలకని బాక్సుదేనని రెబెక్కమ్మ తేల్చేసింది. అది నెత్తి మీద ఖంగుమని మోగితే నిద్ర ఎలా పడుతుందో చూడొచ్చు.

జనం వెళ్లిపోయారు. మైకుసెట్టు ఫ్రెడ్డీ వైర్లు చుట్టుకుంటున్నాడు. హెబ్రోను చాపలు దులుపుతున్నాడు.

"ఫ్రెడ్డీ, మా వైపు బాక్సు బాగుచేసిగానీ ఇంటికి పోబాక."

ఫ్రెడ్డీ నీళ్లు నమిలాడు. "అదీ... ఉప్పుగాలికి పోయిందమ్మా. సామాను నెల్లూర్లో దొరకలా. మద్రాసు నించి తెప్పించాల."

"మగోళ్ల వైపు బాక్సుకి తగలదా ఉప్పుగాలి?"

ఫ్రెడ్డీ పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారేమో దులిపిన చాపనే మళ్లీ దులుపుతున్నారు.

"ఇప్పుడెందుకు రెబెక్కా? అన్నం తిందాం పద" అన్నాడు హెబ్రోను, తలెత్తకుండా.

ఆమె వింటేనా! స్టూలు లాగి, కుచ్చెళ్లు దోపుకుని ఎక్కేసింది. హెబ్రోను చాప వదిలేసి పరుగున వచ్చి స్టూలు పట్టుకున్నాడు.

బాక్సు వెనక వైరు తెగలేదు, ఎలకలూ కొరకలేదు. ఎవరో పీకి, ముచ్చటగా మడిచి, కొసన తెల్లటి ప్లాస్టరు చుట్టి పెట్టారు. దెబ్బలకు కట్టు కట్టే ప్లాస్టరు. మొన్న వేసవిలో ఆమె సంచిలోంచి మాయమైపోతే, ఇల్లంతా వెతికి, ఆయన చేత కూడా మంచం కింద వెతికించిన ప్లాస్టరు.

"ఏమండీ, ఇది నాది గదా?"

కింద హెబ్రోను స్టూలును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"మీరేనా పీకింది?"

"అది మోగినప్పుడల్లా ఉలిక్కిపడి లేస్తా ఉంటివి" అన్నాడు హెబ్రోను, స్టూలుతో చెబుతున్నట్టు. "వారమంతా ఎటూ నిద్ర ల్యాకపాయె."

ఫ్రెడ్డీ వైర్ల చుట్ట భుజాన వేసుకుని చల్లగా జారుకున్నాడు. రెబెక్కమ్మకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. వాటి వెనకే కన్నీళ్లూ వచ్చాయి. ఆయన భుజం ఆసరాగా పట్టుకుని స్టూలు దిగింది.

"జనం మిమ్మల్ని అనుకుంటా ఉండారు, తెలుసా? పోనీ, ప్రసంగమన్నా తొందరగా ముగించగూడదా? అంతసేపు చెప్పాల్సింది ఏముంటాది?"

"చెప్పాల్సింది ఎప్పుడో అయిపోతాది రెబెక్కా. నువ్వు లేచేదాకా చెప్పిందే చెప్తా ఉంటా."