ఆరో జాగ్రత్త

ఒకప్పుడు నేను ఇంటర్ చదివిన బాన్సువాడ కాలేజీకి బదిలీ మీద వచ్చిన వారానికే ఫస్టియర్ కెమిస్ట్రీ రికార్డులు దిద్దడానికి కూసున్న. టైట్రేషన్ ప్రయోగానికి జాగ్రత్తలు అయిదే. ఈ పిల్లలు ఆరోది కూడా రాసిండ్రు.

"6. జోడీ ఇంకా రాలే. ఎదురు చూస్తున్న."

నలభై రికార్డుల్లో అదే మాట. అప్పుడే ల్యాబ్‌లకు వచ్చిన షాగుఫ్తాను ఆపి, ఇదేందని అడిగిన.

"సీనియర్ల రికార్డు చూసి ఎక్కించినం మేడం. వాళ్లు వాళ్ల సీనియర్లది చూసి రాసిండ్రట."

"అర్థం తెల్వకుండనే రాస్తరా?"

"తెలుసు మేడం. ప్రయోగంల మాతోని ఉండే జోడీ వచ్చేదాక ఎవ్వరం పిపెట్ ముట్టం." గొంతు తగ్గించింది. "ఎనకట ఈ ల్యాబ్‌లనే ఒకామె జోడీ కోసం చూసి చూసి, ఒక్కతే మొదలుపెట్టిందట. పిపెట్ నోటితో పీలిస్తే యాసిడ్ లోపలికి పోయిందట. దవాఖానకు తీస్కపోయినా బతకలేదట. ఆ మాట ఆమె తన రికార్డుల రాసుకున్నదేనట."

నేను కిటికీ పక్క బల్ల దిక్కు చూసిన. బ్యూరెట్ స్టాండు ఇప్పటికీ అక్కడనే ఉన్నది.

"ఆ జోడీ ఎవరో, ఎందుకు రాలేదో ఎవరికీ తెల్వదు మేడం. ఆరోది కొట్టెయ్యాల్నా?"

"వద్దు, ఉండనీ" అని సంతకం పెట్టిన.

ఆ రోజు గేటు కాడ "నువ్వు నడువు, వస్తున్న" అని నా జోడీ మెహరాజ్‌ను ల్యాబ్‌కు పంపి, నేను సినిమాకు పోయిన.