ఉయ్యాల కింద పెట్టె

"పెట్టెలకి వేరే సైటు పేరు కొనేస్తున్నాను నాన్నా. ఇప్పుడే," అంది కూతురు.

వడ్రంగి చిత్రిక పట్టడం ఆపలేదు. "నెల రోజుల నుంచీ కొంటూనే ఉన్నావు."

ఆయన ఉయ్యాలలూ చేస్తాడు, శవపేటికలూ చేస్తాడు. దుకాణం ఒకటే, బోర్డూ ఒకటే. వాటిని ఇంటర్నెట్‌లో అమ్మడానికి కూతురు సైటు కట్టిన రోజు నుంచీ ఇద్దరికీ ఒకటే పేచీ. ఉయ్యాలలకి ఒక పేరు, పెట్టెలకి ఒక పేరు, రెండు వేరు వేరు సైట్లు అంటుంది ఆమె. పోనీ, ఉన్న సైటు పేరుకే ముందొక మాట చేర్చి, చుక్క పెట్టి, పెట్టెల్ని అదే సైటులో పక్క వాటాలోకి పంపిద్దామంది. ఆయన దానికీ ఒప్పుకోలేదు. "చేసే చెయ్యి ఒకటి. పేర్లు రెండెందుకు?" అన్నాడు. చివరికి ఆయన మాటే నెగ్గింది. ఒకే పేరు, దాని వెనక ఒక ఏటవాలు గీత, గీత తర్వాత ఒక గదిలో ఉయ్యాలలు, ఒక గదిలో పెట్టెలు. కొట్టు ఒకటే కావడంతో ఉయ్యాల బొమ్మ కింద "ఇవి కూడా చూడండి" అంటూ సైటు దానంతటదే ఒక పెట్టెను చూపించేది.

"ఒక్కసారి ఇటొచ్చి ఇది చూడు," అంది.

ఆ గొంతు విని ఆయన పని వదిలేసి వచ్చాడు. తెర మీద ఉదయం వచ్చిన ఆర్డరు ఉంది. శవపేటిక, ఒకటి. పేరు చదివాడు, ఇంటి నంబరు చదివాడు. తొమ్మిది రోజుల కింద ఉయ్యాల పంపింది ఆ ఇంటికే. పొడవు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. దాని కింద ఒక వాక్యం: కొలత ఫోనులో చెబుతాము.

వడ్రంగి చెవి మీది పెన్సిలు తీసి, కాసేపు పట్టుకుని, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు.

"చిన్నవి మనం సైటులో పెట్టలేదుగా," అన్నాడు.

"పెట్టలేదు. అందుకే ఫోనులో చెబుతామన్నారు."

రెండు బొమ్మలు ఒకదాని కింద ఒకటి ఉన్నంత మాత్రాన ఎవరింట్లోనూ ఏమీ జరగదని ఆమెకు తెలుసు. కానీ ఆ తెలిసిన మనసు వెనకాల ఇంకో మనసుంది. దానికి ఏం చెప్పినా ఎక్కదు. అది ఉదయం నుంచీ ఒకటే మాట అంటోంది: వాళ్ళు ఉయ్యాల ఎంచుకుంటుంటే దాని కిందకి పెట్టెను చేర్చింది నువ్వే. బిడ్డ ముఖాన్ని ఊహించుకోకూడదని గట్టిగా అనుకుంది. దాంతో ఆ ఉయ్యాల కమ్మీలు కళ్ళ ముందుకొచ్చాయి. బిడ్డ చేతులకు గుచ్చుకోకూడదని వాటిని గరుకు కాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేసింది తనే.

తెర మీద పక్క కిటికీలో కొత్త పేరు సిద్ధంగా ఉంది. డబ్బు కట్టే బొత్తాం నొక్కడమే తరువాయి.

"ముందు ఇది నొక్కేస్తాను," అంది.

"ముందు ఫోను చెయ్యమ్మడూ. అవతల వాళ్ళు కాచుకుని ఉంటారు. పేరు ఎక్కడికీ పారిపోదు."

"నువ్వు చెయ్యి నాన్నా."

"ఆర్డర్లు చూసేది నువ్వు కదా," అన్నాడు గోడవైపు తిరిగి.

ఆమె నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. అటు ఎవరో ఎత్తారు. మాట వినబడేలోగా వెనక నుంచి పసిబిడ్డ ఏడుపు, గుక్క తిప్పుకోకుండా, చెవులు చిల్లులు పడేలా.

ఆమె స్టూలు మీద కూలబడింది. వడ్రంగి కళ్ళు మూసుకుని ఆ ఏడుపును పాట విన్నట్టు విన్నాడు.

"ఎవరూ?" ముసలి గొంతు. "గట్టిగా మాట్లాడండి. ఇక్కడ మా మునిమనవడి కచేరీ నడుస్తోంది."

"వడ్రంగి దుకాణం నుంచండీ. బాబు... బాబు బాగున్నాడాండీ?"

"వాడికేం, రాజాలా ఉన్నాడు. మీ ఉయ్యాలలో వేస్తే చాలు, ఇదే వరస. వాళ్ళమ్మ ఎత్తుకుందా, ఠక్కున నోరు మూస్తాడు. ఇదిగో, ఎత్తుకుంది."

ఏడుపు ఆగిపోయింది.

బిడ్డ ఉన్నాడు. తల్లీ ఉంది. ఉదయం నుంచీ ఛాతీలో దిగబడి ఉన్న మేకును ఎవరో ఒక్క లాగుతో పీకేసినట్టయింది. ఆ తేలికలో, అడక్కుండానే నేరం ఒప్పుకోవాలనిపించింది ఆమెకు.

"తాతగారూ, ఉయ్యాల కొన్నప్పుడు దాని కింద మీకు పెట్టె బొమ్మ కనబడి ఉంటుంది. తప్పు మాదేనండీ. ఇవాళే రెండూ విడదీసేస్తున్నాం. పెట్టెలకి వేరే పేరు తీసుకుంటున్నాం."

"అలాంటి పని చెయ్యకు తల్లీ. ఉయ్యాల పనితనం చూశాకే కదా దీని జోలికొచ్చాం. ఇప్పుడు ఇంకో కొట్టు ఎక్కడని వెతుక్కోమంటావు? తెలిసిన గడప అయితే ఏదైనా మొహమాటం లేకుండా అడగొచ్చు."

వడ్రంగి పైకప్పును శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు. నవ్వు దాచుకోవాల్సి వస్తే ఆయన చేసే పని అదే. కూతురు ఆయన్ని చూడనట్టే నటిస్తూ కొత్త పేరున్న కిటికీని మూసేసింది. ఓడిపోవడం ఇంత హాయిగా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

మరి ఎవరికి? ఆ ప్రశ్న ఆమె నాలుక చివరిదాకా వచ్చేసింది. వడ్రంగి వేలెత్తి వద్దన్నాడు. ఈ పనిలో ఎవరికి అని అడగరు, ఎంత అని మాత్రమే అడుగుతారు. ఆమె కాగితం దగ్గరికి లాక్కుని, చావింట్లో మాట్లాడినట్టు గొంతు తగ్గించింది.

"పొడవు ఎంతండీ?"

"అదే తేలి చావట్లేదమ్మా," అన్నాడు పెద్దాయన. "నిలబడి కొలిపించుకుంటే ఒకటొస్తోంది, పడుకుని కొలిపించుకుంటే ఇంకోటొస్తోంది. ఏది చెప్పమంటావు?"