పెట్టెకొచ్చిన అనుమానం

"అందరి రిపోర్టులూ ఫోన్లకు వచ్చేసినాయి. నా బిడ్డది మాత్రం ఆ పెట్టె మింగేసిందా?" హోసూరు ల్యాబులో కౌంటర్ మీద చెయ్యి చరిచింది దుర్గాదేవి. దాచిపెడుతున్నారంటే ఏదో పెద్ద రోగమేనని ఆమె భయం.

"కంప్యూటర్ ఆపిందమ్మా," అన్నాడు టెక్నీషియన్ శశికుమార్, తెర మీంచి చూపు తిప్పకుండా.

"అది ఆపేదేంది? సూది పొడిచింది నువ్వా, అదా? మనిషి మొహం చూడనోళ్ళు రక్తమేం చూస్తారప్పా!"

"ఊరుకోమ్మా," అంటూ కూతురు సింధు ఆమె కొంగు లాగింది.

శశికుమార్ ఇప్పుడు తలెత్తాడు. "రెండు నెలల కింద పాపకు హిమోగ్లోబిన్ ఏడే ఉండింది. ఈపొద్దు పదకొండు. ఇంత పెరిగిందంటే ఇది వేరేవాళ్ళ రక్తమేమోనని దాని అనుమానం. ఇంకోతూరి తీసి చూడమంటోంది."

దుర్గాదేవికి రోజూ తిట్టితిట్టి మింగించిన మాత్రలు, రాగిజావ, మునగాకు పులుసు గుర్తొచ్చాయి. పదకొండు!

"ఇదీ అచ్చం నీ మాదిరేమ్మా," సింధు నవ్వింది. "మంచి జరిగినా నమ్మదు."

దుర్గాదేవి కంప్యూటర్ వంక మళ్ళీ ఈసడింపుగా చూడబోయింది. చేతకాలేదు.

"నవ్వింది చాల్లే, చెయ్యి చాపు," అంది కూతురితో. "దాని భయం కూడా తీరనీ."