గడియ పడిన తలుపు

"ఈసారి నేనే వస్తాను," అంటూ కూతురు బాత్రూం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకోవే. నా కోడలుంది, చాలు," అంది తల్లి.

వెనకే కోడలు, కింది పెదవి కొరుక్కుంటూ, గొట్టాల డబ్బా గుండెలకు హత్తుకుని నిలబడింది. ఆ డబ్బాను చూస్తేనే కూతురికి ఒళ్ళు మండిపోయింది.

తల్లికి మూత్రం సరిగా రావడం లేదని, పూటపూటా సన్నటి గొట్టం పెట్టి తీయాల్సి వస్తోందని తెలియగానే ఆమె ఉద్యోగానికి సెలవు పెట్టింది. తెలిసిన నర్సు చుట్టూ తిరిగి, గొట్టం ఎలా పెట్టాలో నేర్చుకుని మరీ వచ్చింది. తీరా వస్తే తల్లి దగ్గరికే రానివ్వడం లేదు.

"నర్సు దగ్గర నేర్చుకొచ్చానమ్మా! నొప్పి తెలియకుండా తీస్తాను."

"నీ ముందు నాకు సిగ్గే."

"కడుపున పుట్టినదాని ముందు సిగ్గా? నిన్న గాక మొన్న వచ్చినదాని ముందు లేదా?" కూతురు మరదలి వైపు తిరిగింది. "మా అమ్మకి ఏం మందు పెట్టావే?"

"అయ్యో, అదేం లేదు వదినా..."

"నంగనాచి! పెద్దావిడను బాత్రూంకి తీసుకెళ్ళే వంకతో గుప్పిట్లో పెట్టుకున్నావు. ఉండు, చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్తాను."

మరదలి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరికీ చెప్పకండి వదినా, మీకు దణ్ణం పెడతాను."

"చూశావా అమ్మా, భయం!"

తల్లి కూతుర్ని భుజంతో పక్కకు నెట్టి, కోడలి చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది. గడియ పడింది.

కూతురు తలుపుకి చెవి ఆనించింది. కుళాయి నీళ్ళ చప్పుడు. ఏవో గుసగుసలు. నవ్వుకుంటున్నారా? తనతో తల్లి ఏనాడైనా ఇలా గుసగుసలాడిందా?

అంతలో లోపల ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు.

"అమ్మా! ఏం చేస్తోంది నిన్ను?" భుజంతో ఒక్క తోపు తోసింది. గడియ ఊడి కింద పడింది.

తల్లి నేలమీద గొంతుక్కూర్చుని, రెండు చేతులతో చిన్న అద్దం పట్టుకుని ఉంది. గొట్టం మరదలి చేతిలోనే ఉంది. కానీ, కమోడ్ మీద కూర్చున్నదీ మరదలే. కళ్ళనీళ్ళతో చీర మోకాళ్ళ మీదికి లాక్కుంటోంది.

"కాన్పు కష్టమైంది కదా, అప్పట్నుంచీ పిచ్చిపిల్లకి ఒంటేలు ఆగిపోయింది," అంది తల్లి, అద్దం దించకుండానే. "జబ్బు నాదని నేను నలుగురికీ చెప్పిందే, దీనిదని నీకు తెలియకూడదని!"