మునిగిన ఓడ గంట

మునిగిపోయిన ఓడ మనిషిని కాపాడుతుందా? నవ్వకండి, వినండి.

ఎనభై తొమ్మిదిలో గల్ఫ్ దేశంలో, అజైబా తీరాన మనవాళ్లు రెండు నిలువుల లోతు కాలువ తవ్వుతుంటే, ఎప్పుడో మునిగిన తెరచాప ఓడ గంట దొరికింది. ఆనాడు అదెంత మొత్తుకుందో, ఎందరు దక్కారో దేవుడికే ఎరుక.

వాళ్లలో పోచన్న అనే కుర్రాడు దాన్ని గట్టు మీదికి తెచ్చి, సరదాకి ఠంగున కొట్టాడు.

సైట్‌లో గంట కొడితే అన్నం వచ్చినట్టే. కాలువలోని వాళ్లంతా పైకి ఉరికారు.

"బువ్వేదిరా? మాతోని మజాక్ జేస్తున్నవా?" అని తోటి పనివాడు నర్సింగ్ ఖాళీ పళ్లెంతో తరిమాడు.

"దొరికితే కొట్టు మామా!" అంటూ పోచన్న గంటతో సహా పరుగు. అందరూ పడిపడి నవ్వుతున్నారు.

వెనక కాలువ కూలి పూడిపోయింది. లోపల ఒక్కడూ లేడు.

వినుటకు చెవులుగలవాడు వినుగాక! నీ గంటా మోగుతోంది సోదరా. అన్నం కోసమైనా సరే, నీ పాపపు గుంటలోంచి ఈరోజే పైకి రా!