నవ్వు బొమ్మల సారు

"సార్, ఒక్క చెవే గీసిన్రు!"

కోమల కేకేసింది. అప్పటికే సదానందం పెన్సిలు పక్కన పెట్టి చెప్పులు తొడుక్కుంటున్నాడు.

బల్ల మీది కాగితంలో గుడ్డెలుగు గున్నయ్య అనే ఎలుగుబంటి ఒంటి చెవితో పకపకా నవ్వుతున్నాడు. బాలల దినోత్సవం సంచికకు ముఖచిత్రం. సాయంత్రానికి ప్రెస్సుకు పోవాలి.

"ఫోన్ వచ్చింది బిడ్డా. పోయి వస్త."

"ఎక్కడికి సార్?"

"జర పని ఉంది."

కరీంనగర్ నుంచి వెలువడే 'గిజిగాడు' పిల్లల పత్రికలో గున్నయ్య బొమ్మల కథ ఇరవై రెండేళ్లుగా గీస్తున్నది సదానందమే. మెట్‌పల్లిలో చిన్నప్పుడు కోమల ఆ కథ కోసమే చదవడం నేర్చుకుంది. పెద్దయ్యాక ఆ బొమ్మలకే కంప్యూటర్‌లో రంగులు వేసే ఉద్యోగం దొరికింది. మొదటి రోజు ఆయన కాళ్లకు మొక్కబోయింది.

"నాకెందుకు మొక్కుతవు? గున్నయ్యకు మొక్కు. మనిద్దరికీ బువ్వ పెట్టేది వాడే" అన్నాడాయన.

మూడేళ్లు పక్కపక్కనే పనిచేశారు.

గున్నయ్యకు కోపమొచ్చే పేజీ ఉంటే ఆయన బుగ్గలు ఉబ్బించుకుని అద్దంలో చూసుకునేవాడు. తేనెటీగలు తరిమే పేజీ ఉంటే రెండు చేతులతో నెత్తి కొట్టుకుంటూ ఆఫీసంతా ఉరికేవాడు. అరవై ఏళ్ల మనిషిని అలా చూసి కోమల కడుపు పట్టుకుని నవ్వేది.

అప్పుడప్పుడు పాఠం చెప్పేవాడు.

"ముందుగాల కండ్లు, ముక్కు గీయకు బిడ్డా. లోపల బొక్క ఎట్లున్నదో చూడు." తన చెంప ఎముక మీద వేలు పెట్టి చూపించేవాడు. "మొఖం గీ బొక్కల మీదనే నిలబడతది."

"గుడ్డెలుగుకు కూడనా సార్?"

"ఎవలికైనా గంతే."

ఆ ఫోన్లే కోమలకు అర్థమయ్యేవి కావు. నెలకు రెండుసార్లో మూడుసార్లో వచ్చేవి. ఎంత పని ఉన్నా లేచిపోయేవాడు. తిరిగొచ్చేసరికి ఒంటి నుంచి ఘాటుగా సబ్బు వాసన. ఇక ఆ రోజు ఎవరినీ నవ్వించేవాడు కాదు.

"పెద్దోళ్ల ఇండ్లల్ల పైసలకు బొమ్మలు గీయనీకె పోతుండేమో. అడిగితే చెప్పడు" అని ఎడిటర్ అరుణ్‌కుమార్ ఒకసారి అన్నాడు.

ఇప్పుడు ఆయన చెప్పులు తొడుక్కుంటుంటే ఆ మాట గుర్తొచ్చి కోమలకు ఒళ్లు మండింది.

"పిల్లలు నెలంత ఎదురు చూస్తరు సార్ గీ పుస్తకం కోసం. వాళ్లకన్న ఎక్కువనా మీకా పని?"

సదానందం గుమ్మంలో ఆగాడు.

"ఎక్కువ తక్కువ కాదు బిడ్డా. అక్కడ గూడ ఎదురు చూస్తుంటరు."

"పొండి సార్. మీకు గున్నయ్య మీద ప్రేమ పోయింది."

ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

రెండో చెవి కోమలే గీసింది.

నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన చాయ్ తెచ్చి బల్ల మీద పెడితే చల్లారేదాకా ముట్టలేదు.

ఐదో రోజు ఆయన రాలేదు.

తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగిపోయిందని పది గంటలకు తెలిసింది.

ఆదివారం ఆఫీసు కింది హాల్లో సంతాప సభ పెట్టారు. పిల్లలు గున్నయ్య మాస్కులు పెట్టుకుని వచ్చారు. కోమల మైకు ముందు నిలబడి తేనెటీగల సంగతి చెప్పింది. పిల్లలు నవ్వారు. ఆ చివరి నాలుగు రోజుల సంగతి మాత్రం ఆమె చెప్పలేకపోయింది.

మైకు వదిలి బయటకు వచ్చింది.

మెట్ల మీద ముప్పై మంది దాకా కూర్చుని ఉన్నారు. అందరూ పెద్దవాళ్లే. లోపలికి రావడానికి మొహమాటపడుతున్నట్టున్నారు.

ఒకామె లేచి దగ్గరకొచ్చింది. పేరు లస్మవ్వట. మంథని అవతలి ఊరట.

"మీ ఇంట్ల పిల్లలు గిజిగాడు చదువుతరా అవ్వా?"

"గదేందో నాకెరుక లేదు బిడ్డా. సారు పోయిండని పోలీసు సారు ఫోన్ చేసిండు. పాణం ఆగక వచ్చిన."

"పోలీసు సారా?"

లస్మవ్వ సంచిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. పెన్సిలుతో గీసిన కుర్రవాడి ముఖం. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ఆ గీత ఎవరిదో కోమలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నీ కొడుకా? సారు ముందట కూసోని గీయించుకున్నడా?"

"ఏడ కూసుంటడు బిడ్డా! గోదారిల కొట్టుకపోయిండు. ఆరు దినాలకు ఏడనో తేలిండు. మొఖమే లేదు. ఎవలో ఏమోనని దవాఖానల పెట్టిన్రు."

కోమల కాగితంలోని నవ్వు ముఖాన్ని మళ్లీ చూసింది.

"గప్పుడు గీ సారును పిలిచిన్రట. పీనుగుల గదిల పొద్దంత నిలబడి, బొక్కలు జూసి, బతికున్నప్పుడు ఎట్లుండెనో గీసిండు. పోలీసోళ్లు గా బొమ్మ ఊరూర చూపిచ్చిన్రు. చూడంగనే నా కొడుకని గుర్తుపట్టిన. లేకుంటే దిక్కులేని పీనుగని పూడుస్తుండిరి. నా చేతుల మీద కాటికి సాగదోలుకున్న బిడ్డా."

"మరి... గీ బొమ్మల నవ్వుతున్నడు కద?"

"గిది తర్వాత గీసింది. 'నీ కొడుకు ఎట్ల నవ్వుతుండెనే అవ్వా' అని నన్ను అడుగుకుంట అడుగుకుంట గీసిండు. ఇంట్ల పెట్టుకొమ్మని ఇచ్చిండు."

కోమల కాగితం తిరిగి ఇచ్చింది. మెట్లవైపు తిరిగింది.

అక్కడ కూర్చున్న వాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతిలో ఒక కాగితం, ప్రతి కాగితంలో ఒక ముఖం నవ్వుతోంది.